మీకు తెలుసా? వక్కల దీవిలో రాత్రి సంత

మలేషియా పటంలో ద్వీపకల్పానికి వాయవ్య మూలన, తీరానికి అంటీ అంటనట్టు ఓ చిన్న దీవి కనిపిస్తుంది. వైశాల్యం దాదాపు 300 చదరపు కిలోమీటర్లే. పేరు పినాంగ్. కేవలం తిండి కోసమే అక్కడికి విమానం ఎక్కేవాళ్లున్నారు. పొద్దుగూకాక దాని ముఖ్యపట్టణం జార్జ్‌టౌన్ వీధుల్లో పడితే మన ముక్కుకీ నాలుక్కీ చాలావరకు కొత్తే. చెవికి మాత్రం అంత కొత్త కాదు. బండి మీద రాసిన పేర్లూ, వంటవాళ్లు కేకేసే మాటలూ ఎక్కడో విన్నట్టే ఉంటాయి. ఈసారి ముచ్చట్లన్నీ ఆ వీధుల్లోంచే.

★

ముందు ఊరి పేరు. మలయ్ భాషలో పినాంగ్ అంటే వక్క. దీవి పూర్తిపేరు 'పులావ్ పినాంగ్'. పులావ్ అంటే దీవి. మన బిర్యానీకి తమ్ముడయ్యే పులావ్‌తో దానికేమీ చుట్టరికం లేదు. మొత్తం కలిపితే వక్కల దీవి. 1786లో ఫ్రాన్సిస్ లైట్ అనే ఆంగ్లేయుడు ఈస్టిండియా కంపెనీ తరఫున అక్కడ దిగి, యువరాజు పేరు మీద ప్రిన్స్ ఆఫ్ వేల్స్ దీవి అని పేరు మార్చాడు. ఆ పేరు కాగితాల్లో కొన్నాళ్లు నడిచి పోయింది. వక్క మాత్రం నిలిచింది.

వక్క దగ్గరే ఇంకో సంగతి. మలయ్‌లో పెళ్లికి పిల్లనడగడాన్ని 'మెమినాంగ్' అంటారు. పినాంగ్ అన్న మాటనే క్రియగా మార్చుకున్నారన్నమాట. "వాళ్లబ్బాయికి తాంబూలాలు పుచ్చేసుకున్నారట" అని మనం అంటే వినేవాళ్లకి ఆకులూ వక్కలూ గుర్తురావు, సంబంధం ఖాయమైందని అర్థమవుతుంది. అక్కడా అంతే.

★

రాత్రి బజారుని 'పసార్ మాలమ్' అంటారు. మాలమ్ అంటే రాత్రి. పసార్ అంటే? పారసీ 'బాజార్' సముద్రం దాటి తూర్పుకెళితే పసార్ అయింది, మన దగ్గర బజారు అయింది.

పసార్ మాలమ్ అంటే రోజూ ఒకేచోట ఉండే మార్కెట్ అనుకుంటారు చాలామంది. అసలు పద్ధతి మన వారపు సంతదే. ఇవాళ ఈ పేటలో, రేపు ఇంకో పేటలో. సాయంత్రం దాకా మామూలుగా ఉన్న రోడ్డు మీదికి వ్యాన్లు వస్తాయి, గొడుగులు లేస్తాయి, దీపాలు వెలుగుతాయి. కూరగాయలు, చేపలు, చెప్పులు, పిల్లల బొమ్మలు, వాటి మధ్యలో పొయ్యిలు. అర్ధరాత్రి దాటాక చూస్తే నేల మీద తడి తప్ప ఏమీ ఉండదు. మన సంతకీ దీనికీ తేడా ఒక్కటే, సంతకి పొద్దున్నే పోతాం, దీనికి పొద్దుగూకాక పోతారు. భూమధ్యరేఖకి 5 డిగ్రీల పైన ఉన్న ఊళ్లో మధ్యాహ్నం పూట పొయ్యి ముందు నిలబడమంటే ఎవరు నిలబడతారు?

★

అక్కడ పొద్దుగూకడం కూడా ఆలస్యమే. డిసెంబరులో విశాఖలో సాయంత్రం 5:30 ప్రాంతంలోనే సూర్యుడు దిగిపోతాడు. పినాంగ్‌లో ఏడాదిలో ఏ రోజు చూసినా దాదాపు 7 నుంచి 7:40 మధ్యే. ఇందులో సూర్యుడి గొప్పేమీ లేదు, గడియారం మాయ. దేశమంతటికీ ఒకే సమయం ఉండాలని 1982 జనవరి 1న ద్వీపకల్ప మలేషియా గడియారాలను అరగంట ముందుకు జరిపారు. దాంతో పినాంగ్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి మధ్యాహ్నం సుమారు 1:20 అవుతుంది. దాదాపు అదే రేఖాంశం మీదున్న బ్యాంకాక్‌లో గడియారం గంట వెనక. అందుకే పినాంగ్‌లో రాత్రి భోజనం 9కి మొదలైనా ఎవరూ ఆలస్యమైందనుకోరు.

★

జార్జ్‌టౌన్ పాత వీధుల్లో ప్రతి దుకాణం ముందూ పై అంతస్తు నీడలో ఓ నడక దారి ఉంటుంది. దాన్ని 'కాకి లిమా' అంటారు. కాకి అంటే అడుగు, లిమా అంటే ఐదు. ఐదడుగుల అరుగు. ఇళ్ల ముందు ఇలా వరుసగా నీడ దారి వదలాలన్న నియమం 1822లో రాఫిల్స్ సింగపూర్ కోసం గీయించిన పట్టణ ప్రణాళికలో ఉంది. ఎండకీ వానకీ జనం నడవాలని వదిలిన ఆ అరుగు మీదికి పొయ్యి చేరింది, బల్ల చేరింది, నాలుగు ప్లాస్టిక్ స్టూళ్లు చేరాయి. మన ఊళ్లలో అరుగు మీద ముచ్చట్లు పెరిగాయి, అక్కడ వంటలు పెరిగాయి.

ఈ ఇళ్ల వరుసలతో సహా జార్జ్‌టౌన్‌కి, దానితోపాటు మలక్కాకి, 2008 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది.

★

పినాంగ్ పేరు చెప్పగానే మలేషియాలో ఎవరికైనా గుర్తొచ్చేది 'నాసి కందర్'. నాసి అంటే అన్నం. కందర్ అంటే భుజాన కావడి మోయడం. అచ్చ తెలుగులో కావడి అన్నం!

ఆ పేరు వెనక కథ ఇది. తమిళ ముస్లిం అమ్మకందార్లు కావడికి ఒక పక్క అన్నం బుట్ట, రెండో పక్క కూరల బుట్ట తగిలించుకుని రేవు కూలీల దగ్గరకు వెళ్లి అమ్మేవారు. కావడి ఎప్పుడో పోయింది, దుకాణాలొచ్చాయి, పేరు మారలేదు. కాంప్‌బెల్ వీధిలోని హమీదియా 1907 నుంచీ ఉంది. కపితాన్ కెలింగ్ మసీదు పక్కనున్న ఇంకో దుకాణం పేరు 'బెరాతుర్', అంటే వరుసలో నిలబడడం. నిజంగానే జనం నిలబడతారు కాబట్టి దుకాణానికి ఆ పేరే స్థిరపడింది.

నాసి కందర్ అడిగే పద్ధతి తెలిసుండాలి. పళ్లెంలో అన్నం పడ్డాక కోడి కూర, చేప కూర, గుడ్డు, బెండకాయ వేలు పెట్టి చూపిస్తాం. చివర్లో 'బంజిర్' అనాలి. బంజిర్ అంటే వరద. అప్పుడు వడ్డించేవాడు నాలుగైదు గిన్నెల్లోంచి పులుసులు తీసి ఒకదాని మీద ఒకటి పోసి అన్నాన్ని ముంచేస్తాడు. ఏ పులుసు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. కూరకి కూర, పప్పుకి పప్పు విడిగా కలుపుకునే మనకి మొదట ప్రాణం ఒప్పదు. రుచి మాత్రం ఆ కలగాపులగంలోనే ఉంది. బంజిర్ అనకుండా నాసి కందర్ తినడం అంటే నెయ్యి లేని ముద్దపప్పు తిన్నట్టే.

★

ఈ దుకాణాల వాళ్లని మలేషియా అంతటా 'మామక్' అంటారు. తమిళ 'మామా' నుంచి వచ్చిన మాట. అంటే మన మామే. అర్ధరాత్రి రెండింటికి ఆకలేస్తే ఆ దేశంలో మనిషికి గతి మామ బండే. రొట్టె కాల్చేదీ ఆయనే, చాలా చోట్ల 'తే తారిక్' పోసేదీ ఆయనే. తారిక్ అంటే లాగడం. పాలటీని ఒక లోటాలోంచి ఇంకో లోటాలోకి బారెడు ఎత్తు నుంచి లాగి లాగి పోస్తే నురగ కడుతుంది. మన టీ కొట్టువాడు దీన్ని చూసి ఆశ్చర్యపోడు, ఇదీ ఓ విద్యేనా అంటాడు.

★

ఇందాకటి మసీదు పేరులోని 'కెలింగ్' సంగతి. 1801లో కాదర్ మొహిదీన్ అనే దక్షిణ భారత ముస్లిం వర్తక పెద్ద కట్టించిన మసీదు అది. ఆయన ఆ సమాజానికి 'కపితాన్', అంటే నాయకుడు. కెలింగ్ అన్న మాట కళింగ నుంచి వచ్చింది. మన శ్రీకాకుళం, విశాఖ తీరమూ పక్కనున్న ఒడిశా తీరమూ కలిసిన ఆ పాత కళింగమే. అక్కడి ఓడలు ఎంత గట్టిగా తిరిగి ఉంటాయో గానీ, సముద్రానికి ఆవలివాళ్లు కాలక్రమంలో దక్షిణాది నుంచి వచ్చిన ప్రతివాణ్నీ, తమిళుడైనా సరే, కళింగుడే అన్నారు.

అయితే ఆ మాట ఇప్పుడు అక్కడ నోట అనకూడనిది. మలేషియాలోని భారతీయులకి అది తిట్టు. మసీదు పేరులో, పాత రికార్డుల్లో తప్ప వినపడకూడదు. ఒకప్పటి రాజ్యం పేరు ఇంకోచోట తిట్టుగా మిగలడం చరిత్రలో కొత్తేమీ కాదు గానీ, కళింగ రాజుల ముఖలింగం వెళ్లొచ్చినవాళ్లకి కాస్త చివుక్కుమంటుంది.

★

ఇప్పుడు అన్నిటికంటే నాకు ముద్దొచ్చిన ముచ్చట. పినాంగ్ వీధి వంటల్లో 'అసం లక్సా' ఒకటి. అసం అంటే పులుపు. చేపల్ని ఉడికించి, ముల్లు తీసి, చిదిమి, చింతపండు పులుసులో మరిగిస్తారు. అందులో లావాటి బియ్యప్పిండి సేమ్యా, పైన దోసకాయ, అనాస, ఉల్లిపాయ తరుగు, పుదీనా, అడవి అల్లం జాతి మొక్క ఎర్ర మొగ్గ సన్నగా తరిగింది. చివర్లో చెంచాడు నల్లటి రొయ్యల ముద్ద. ఒక అమెరికా వార్తా ఛానల్ 2011లో వేసిన ప్రపంచపు 50 మేటి వంటకాల జాబితాలో ఇది 7వది. జాబితాల సంగతెలా ఉన్నా, నెల్లూరు చేపల పులుసు తిన్న నాలుక దీన్ని వెంటనే గుర్తుపడుతుంది. పుదీనా, అనాస దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగుతుంది.

ముచ్చట చేప గురించి. ఈ లక్సాలో ఎక్కువగా వేసేది 'ఈకాన్ కెంబుంగ్'. ఆ పేరు ఒకే కుటుంబంలోని రెండు మూడు చేపలకు కలిపి వాడతారు. వాటిలో ఒకటి మన కానాగంత. కానాగడత, కానాగుర్త అని ఒక్కో రేవులో ఒక్కోలా పలుకుతారు. దాని శాస్త్రీయ నామం 'రాస్ట్రెల్లిజర్ కానాగుర్త'. అవును, లోకంలోని ప్రతి చేపల శాస్త్రవేత్తా ఆ చేపని తెలుగు పేరుతోనే పిలవాలి!

ఇదెలా జరిగింది? 18వ శతాబ్దం చివర్లో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నంలో ఉండేవాడు. మన రక్తపింజరికి ఇంగ్లిషులో పేరిచ్చిన రస్సెల్ ఈయనే. పాములతో ఆగకుండా రేవులో పడవలు దించే చేపల్నీ సేకరించి, బొమ్మలు గీయించాడు. అలా 200 చేపల వివరాలతో 1803లో లండన్‌లో పుస్తకం వచ్చింది. దాని పేరులోనే 'వైజాగపటం' ఉంది. లాటిన్ పేర్లు పెట్టడానికి తొందరపడకుండా, జాలరులు ఏమంటే అదే ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాడు. తర్వాత ఫ్రాన్సులో కూర్చుని ప్రపంచంలోని చేపల్నన్నీ వర్గీకరిస్తున్న క్యువియే, 1816లో ఈ చేపకి పేరు పెట్టేటప్పుడు రస్సెల్ రాసుకున్న 'కానాగుర్త'నే ఖాయం చేశాడు. అలా వేలంలో కేకేసిన ఓ విశాఖ జాలరి మాట శాస్త్రానికి ఎక్కింది. పినాంగ్‌లో లక్సా గిన్నె ముందు కూర్చున్న తెలుగువాడు ఆ చేపని కొత్తచేప అనుకుంటే తప్పు ఎవరిది?

★

'లక్సా' అంటే లక్ష కాదా? అవును, కాదు. మలయ్‌లో లక్సా అంటే ఓ పాత సంఖ్య కూడా. మన సంస్కృత 'లక్ష'నే తీసుకున్నారు గానీ విలువ మార్చి 10,000 చేశారు. కోటిని 'కెతి' చేసి లక్ష విలువకు దించారు. 'అయుతం' అంటే మనకి 10,000, వాళ్ల 'జుతా' అంటే 10 లక్షలు. సముద్రం మీద ప్రయాణంలో సున్నాలు అటూ ఇటూ రాలిపోయాయన్నమాట. ఇక గిన్నెలో లక్సా మాత్రం ఈ సంఖ్యది కాదనీ, పారసీలో సేమ్యాని పిలిచే మాట నుంచి వచ్చిందనీ ఎక్కువమంది అభిప్రాయం. నూడుల్స్ తీగలు లెక్కపెడితే లక్ష ఉంటాయి కాబట్టి ఆ పేరని చెప్పేవాళ్లూ ఉన్నారు. తినేవాడు ఎవరూ లెక్కపెట్టలేదు.

★

'చార్ క్వే తియావ్' బండి దగ్గర మీ వంతు ఎంతకీ రాకపోతే విసుక్కోకండి. వెడల్పాటి బియ్యప్పిండి పట్టీలు, రొయ్యలు, గుడ్డు, మొలకలు, వెల్లుల్లి జాతి ఆకు, రక్తగుల్లలు కలిపి పెద్దమంట మీద వేయించే ఈ వంటకాన్ని మంచి వంటవాడు ఒక్కసారి ఒక్క పళ్లెమే చేస్తాడు. పొగరు కాదు. మూకుడు ఎర్రగా కాలి ఉండాలి. అందులో నాలుగు పళ్లాల సరుకు ఒకేసారి పడేస్తే వేడి చప్పున దిగిపోతుంది, పట్టీలు వేగడం మానేసి ఉడకడం మొదలెడతాయి. సరుకు తక్కువుంటే, ఎగరేసినప్పుడు నూనె తుంపర మంట మీద పడి భగ్గుమంటుంది, ఆ పొగ వాసన మళ్లీ పట్టీలకే పడుతుంది. దాన్ని కాంటనీస్‌లో 'వాక్ హేయ్' అంటారు, మూకుడు ఊపిరి. కొందరు ఇప్పటికీ బొగ్గుల పొయ్యే వాడతారు.

శాకాహారులకు హెచ్చరిక: పాత పద్ధతిలో దీన్ని పంది కొవ్వులో వేయిస్తారు. గుడ్డు, రొయ్య తీసేయమంటే సరిపోదు. అందులో వేసే రక్తగుల్లలు కాకినాడ తీరంలో దొరికే బుడిత గుల్లల జాతివే. గుల్ల అనగానే మనకి సున్నం గుర్తొస్తుంది, వాళ్లకి నోరూరుతుంది.

★

మనం చెరువు కలుపు కింద తీసిపారేసే తూటికూర అక్కడ రాజభోగం అనుభవిస్తోంది. దాన్ని 'కాంగ్‌కుంగ్' అంటారు. పులియబెట్టిన రొయ్యల ముద్దతో, మిరపకాయతో వేయిస్తే ఒక వంట. ఉడికించి, నానబెట్టిన కటిల్‌ఫిష్ ముక్కలతో కలిపి, తీపి కారం సాసు పోస్తే ఇంకో వంట. గోదావరి జిల్లాల పెద్దవాళ్లు తూటికూర పప్పు గురించి చెప్పగలరు. పట్నంలో పెరిగినవాళ్లు రెస్టారెంట్ మెనూలో కాంగ్‌కుంగ్ అని చూసి ఎక్కువ ధర పెట్టి తింటున్నారు.

★

'లోక్ లోక్' బండి చుట్టూ జనం నిలబడి ఉంటారు. మధ్యలో మరుగుతున్న నీళ్ల పాత్ర. పుల్లలకు గుచ్చిన చేప ఉండలు, రొయ్యలు, పిట్ట గుడ్లు, ఆకుకూరలు. మీకు కావలసిన పుల్ల మీరే ముంచి, మీరే తీసి, సాసులో అద్ది తినాలి. బిల్లు రాసేవాడు ఉండడు. పుల్ల చివర రంగే ధర. తిన్నాక ఖాళీ పుల్లలు లెక్కపెట్టి డబ్బులు తీసుకుంటారు. పుల్ల జేబులో వేసుకునేవాళ్లు ఉండరా అని అడక్కండి, ఆ ప్రశ్న అందరికీ వస్తుంది.

★

పినాంగ్‌లో 'కోపితియాం'లో కూర్చుంటే ఒక్క హోటల్లో కూర్చున్నట్టు కాదు. కోపి అంటే కాఫీ, తియాం అంటే హొక్కియన్ చైనా భాషలో కొట్టు. ఆ కొట్టు యజమాని అమ్మేది కాఫీ, టీ, చల్లటి పానీయాలు మాత్రమే. చుట్టూ ఉన్న పొయ్యిలు ఒక్కొక్కటి ఒక్కొక్కరిది, స్థలానికి వాళ్లు అద్దె కడతారు. అందుకే ముందు బల్ల చూసుకుని, ఒక్కో బండి దగ్గరకీ వెళ్లి చెప్పి, వచ్చి కూర్చోవాలి. ఏ వంటకం వస్తే దానికి అప్పుడే డబ్బులివ్వాలి. తాగడానికి ఏమీ చెప్పకుండా బల్ల పట్టుకుంటే యజమాని చూపు మారుతుంది, కొన్నిచోట్ల దానికి విడిగా డబ్బు కూడా వేస్తారు. న్యాయమే మరి, ఆయన బతుకు ఆ గ్లాసు మీదే.

కాఫీ అడగడానికీ భాష ఉంది. 'కోపి ఓ' అంటే పాలు లేని నల్ల కాఫీ. పంచదార కూడా వద్దంటే 'కోపి ఓ కొసోంగ్' అనాలి. కొసోంగ్ అంటే ఖాళీ, సున్నా. చక్కెర, వెన్నలాంటి కొవ్వు వేసి మాడే దాకా వేయించిన గింజలతో చేసే ఆ కాఫీ మన ఫిల్టర్ కాఫీకి దగ్గరిది కాదు. నాకైతే అది కషాయానికి దగ్గర.

★

జాజికాయ మనకి తెలుసు, జాపత్రి తెలుసు. ఆ రెండూ లోపల దాచుకున్న పండు కండ ఎక్కడికి పోతోంది? పినాంగ్‌లో గ్లాసులోకి పోతుంది. కంపెనీ కాలంలో మసాలా దీవుల నుంచి తెచ్చి నాటిన జాజి చెట్ల వారసత్వం అక్కడింకా ఉంది. పండు కండని పిండి రసం తీస్తారు, చక్కెరలో ఊరబెడతారు, ఎండబెట్టి ముక్కలుగా అమ్ముతారు. ఉక్కపోత రాత్రి ఐసు వేసిన జాజి రసం ఒక గుక్క తాగితే గొంతులో చలువ, వెనకాలే చిన్న ఘాటు.

★

'చెండోల్' తినేదా, తాగేదా? రెండూ. తురిమిన ఐసు, కొబ్బరిపాలు, ఉడికిన ఎర్ర చిక్కుడు గింజలు, పాకంలా కరిగించిన చెట్టు బెల్లం, వాటి మధ్య ఆకుపచ్చ పురుగుల్లా కనిపించే పిండి తీగలు. బూందీ గరిటెలాంటి చిల్లుల పళ్లెంలోంచి బియ్యప్పిండి ముద్దని చల్లటి నీళ్లలోకి తోస్తే అవి తయారవుతాయి. ఆ పచ్చదనం పాండాన్ ఆకుది. పాండాన్ మన మొగలికి దాయాది. పినాంగ్ రోడ్డు పక్క సందులో ఒక బండి 1936 నుంచి చెండోల్ పోస్తోంది.

బెల్లాన్ని వాళ్లు 'గులా' అంటారు, మామూలు పంచదారనీ గులాయే అంటారు. మన గుడాన్నంలోని 'గుడ'మే అది. తేనె 'మాదు', అంటే మధువు. రుచి 'రసా'. ఇంక చెప్పేదేముంది.

★

'అపోమ్' అన్నా 'పుతు మాయం' అన్నా తెలుగువాడికి విడమరిచి చెప్పనక్కర్లేదు. మొదటిది తమిళ అప్పం, రెండోది మన నెల్లూరు, చిత్తూరు వైపు నూలుపుట్టు. కొబ్బరి తురుము, బెల్లం పొడి చల్లి ఇస్తారు.

పినాంగ్ వీధి తిండిలో భారతీయ పేర్లన్నీ దాదాపు తమిళానివే. తెలుగు వంట పేరు ఒక్కటీ ఎందుకు లేదు? బ్రిటిష్ కాలంలో మలయాకు వెళ్లిన తెలుగువాళ్లలో ఎక్కువమంది పట్నం రేవుల్లోకి కాక రబ్బరు, కొబ్బరి తోటల్లోకి పోయారు. తోటలో గోంగూర పండుతుంది, బండి తిరగదు. ఆ వీధుల్లో మనకి మిగిలింది ఓ చేప పేరు, ఓ మసీదు పేరు.

★

రంజాన్ నెలని మలయ్‌లో 'బులాన్ పువాసా' అంటారు. పువాసా అంటే ఉపవాసం, ఆ సంస్కృతం మాటే. ఆ నెలంతా సాయంత్రం నాలుగింటికే రంజాన్ బజార్లు మొదలవుతాయి, ఇఫ్తార్‌కి ముందు ఖాళీ అయిపోతాయి.

★

డురియన్ పేరులో 'దురి' అంటే ముల్లు. వాసన గురించి పేరులో ఏమీ లేదు. చాలా హోటళ్ల గుమ్మం దగ్గర మాత్రం బొమ్మ వేసి మరీ రావద్దని రాసి ఉంటుంది.

★

ఉత్తర తీరంలో 'బటు ఫెరింగి' అనే చోట సముద్రం పక్క రాత్రి బజారు ఉంటుంది. పర్యాటకులు ముందు అక్కడికే పోతారు. గడియారాలు, టీషర్టులు, బేరాలు. తినడానికి మాత్రం ఊళ్లోకి రండి. ఆ చోటి పేరు మాత్రం దాచుకోవాల్సిందే. బటు అంటే రాయి, ఫెరింగి అంటే పరంగివాడు, పోర్చుగీసువాడు. అరబ్బులు, పారసీకులు ఐరోపావాళ్లని పిలిచిన 'ఫరంగీ' మాట మన దగ్గర రెండుగా చీలింది. మనిషి 'పరంగి' అయ్యాడు, వాడు తెచ్చిన పెద్ద తుపాకీ 'ఫిరంగి' అయింది. కొన్ని ఊళ్లలో బొప్పాయిని కూడా పరంగి పండు అంటారు. ఒకే మాట ఒకచోట రాయికి పేరు, ఒకచోట ఫిరంగి, ఒకచోట పండు.

★

వీధి వంట మీద వాళ్లకి ఎంత పట్టుదలంటే, పినాంగ్ రాష్ట్రంలో 2016 నుంచి వీధి బండ్ల దగ్గర ముఖ్య వంటవాడు విదేశీయుడు కాకూడదన్న నియమం అమలైంది. గిన్నెలు తోమవచ్చు, బల్లలు తుడవవచ్చు, గరిటె మాత్రం స్థానికుడి చేతిలోనే ఉండాలి. రుచి పాస్‌పోర్టులో ఉంటుందా అని అడిగినవాళ్లున్నారు. ఈ వంటలు చేసినవాళ్ల తాతలంతా ఎక్కడి నుంచో వచ్చినవాళ్లే కదా అన్న మాట నాకూ సబబే అనిపిస్తుంది.

పక్క దేశంతోనూ పోటీ. హాకర్ (వీధి తిండి) సంస్కృతిని సింగపూర్ యునెస్కో జాబితాకు పంపుతుందని 2018లో తెలిసినప్పుడు మలేషియాలో గగ్గోలు లేచింది. 2020 డిసెంబరులో సింగపూర్‌కి అది దక్కింది. 2024 డిసెంబరులో మలేషియా తన పొద్దుటి ఫలహారాల సంస్కృతితో అదే జాబితాలోకి ఎక్కింది. నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నం, రోటీ చనాయ్ అనే పొరల రొట్టె, తే తారిక్. ఫలహారం మలేషియాకి, వీధి తిండి సింగపూర్‌కి అని పంచుకున్నట్టయింది.

★

రాత్రి పదకొండు దాటాక బండ్లు కడుగుతుంటే, ఇంటికి పోతూ టీ తీసుకెళ్లాలనుకున్నారనుకోండి. 'ఇకాత్ తెపి' అని అడగాలి. అంటే అంచు దగ్గర కట్టమని. పల్చటి ప్లాస్టిక్ కవర్లో ఐసుతో సహా టీ పోసి, ఒక మూలన రబ్బరు బ్యాండో ప్లాస్టిక్ దారమో బిగించి, ఇంకో మూలన స్ట్రా దూర్చి ఇస్తారు. వేలికి తగిలించుకుని తాగుతూ నడవచ్చు. మన టీ కొట్టు దగ్గర ఆఫీసుకి పట్టుకెళ్లే పార్శిల్ కవర్‌కీ దీనికీ తేడా ఆ స్ట్రా ఒక్కటే.